చూశాను, తాకాను, బాగుంది

ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు బంద్ అయి అది మూడో రోజు.

"మీ నాన్నని అడుగు, టీ ఇప్పుడు తాగుతారా, తర్వాతా?" అంది ఆవిడ, ఇస్త్రీ పెట్టె మీంచి చూపు తిప్పకుండా.

"నాన్నా, టీ ఇప్పుడా, తర్వాతా?" అంది పిచ్చుక. అది కూతురికి ఇంట్లో ముద్దుపేరు. పేరుకే పిచ్చుక గానీ ముక్కు మాత్రం గద్దది. ఎక్కడ నొప్పి పుడుతుందో సరిగ్గా అక్కడే పొడుస్తుంది.

"తర్వాత తాగుతానని చెప్పు," అన్నాడు మాస్టారు.

ఇద్దరి మధ్యా దూరం గట్టిగా కొలిస్తే ఆరడుగులు లేదు.

"ఒసేయ్ పిచ్చుకా, నీకేమైనా జీతమిస్తున్నారుటే?" అంది మూల కుర్చీలోంచి మాస్టారి తల్లి. "ఇటు మాట అటు, అటు మాట ఇటు మోస్తున్నావు. మా రోజుల్లో పోట్లాడుకుంటే వీధి చివరిదాకా వినబడేది, సాయంత్రానికి సర్దుకునేది. ఇదేం పోట్లాటమ్మా, గోడలు కూడా బిగుసుకుపోయాయి."

పెద్దావిడ గొణుక్కుంటూ కళ్ళజోడు తుడుచుకుంది.

ఆవిడ ఇస్త్రీ చేస్తున్నది మిల్లు కోటు. నీలంరంగుది, జేబు మీద 'చెకింగ్' అని కుట్టి ఉంటుంది. రేపు పదకొండింటికి యూనివర్సిటీలో విచారణకి అదే వేసుకుని వెళ్తుందట. మాస్టారు కోటు వంక చూశాడు. వేరే బట్టలు లేవా అనబోయి మాట మింగేశాడు. ఆ మాట అనే మొహం ఆయనకిప్పుడు లేదు.

ఆవిడ ఇరవై రెండేళ్ళుగా బట్టల మిల్లులో చెకింగు పని చేస్తోంది. మగ్గం మీంచి దిగిన ప్రతి తానునీ పొడుగునా పరిచి, కంటితో చూసి, వేళ్ళతో తడిమి, ఎక్కడ పోగు తప్పిందో పట్టుకోవాలి. వచ్చే ఒకటో తారీఖు నుంచి ఆ పని కెమెరా మెషిన్లు చేస్తాయి. చెకింగులో ఉన్న పద్నాలుగు మందిలో యూనివర్సిటీ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు మెషిన్ల పక్కన ఉంటారు, లేనివాళ్ళు ఇంటికి పోతారు. అందుకే ఆర్నెల్లుగా షిఫ్టు దిగి, బస్సెక్కి, 'పనివాళ్ళకి ఏఐ' అనే సాయంత్రం కోర్సులో వెనక బెంచీ మీద కూర్చుంది.

ఆ కోర్సు చెప్పేది సాక్షాత్తూ ఆవిడ మొగుడే. ఆ సంగతి క్లాసులో పురుగుక్కూడా తెలీదు.

"మాస్టారి పెళ్ళాం కాబట్టి పాసయిందంటారు. చెప్పొద్దు," అని మొదట్లో అడిగింది ఆవిడే. సరేనన్నాడు. ఎంత తొందరగా సరేనన్నాడో ఆ తొందరని ఆవిడ అప్పుడే కనిపెట్టింది.

ఇప్పుడేమైందంటే, చివరి రిపోర్టుల మీద పేర్లుండవు, నంబర్లే. నలభై వచ్చాయి. అందులో ఇరవై ఏడోది మనిషి రాసింది కాదు, మెషిన్ రాసిందని మాస్టారు పక్కన పెట్టి, పైకి ఫిర్యాదు రాశాడు. క్లాసులో, "ఇరవై ఏడో నంబరు ఎవరిదో లేవండి," అన్నాడు. వెనక బెంచీలోంచి లేచి నిలబడింది సొంత పెళ్ళాం.

మాస్టారి మొహాన కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. నలభై మంది తలలు తిప్పి ఆవిణ్ణి చూశారు. ఏదైనా అనాలి. ఆయన అన్నదల్లా, "కూర్చోండి," అని. అంతే. తరవాత బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పుకున్నాడు మహానుభావుడు.

"రేపు ఏం చెబుతావు?" అని ఇప్పుడు అడిగాడు, పిచ్చుకని మధ్యలో పెట్టకుండా.

ఇస్త్రీ పెట్టె ఆగింది. మళ్ళీ కదిలింది.

"నేనే రాశానని చెబుతాను."

"నమ్మరు."

"మీరు నమ్ముతున్నారా?"

"నా నమ్మకంతో పనేముంది? సాఫ్ట్‌వేర్ తొంభై రెండు శాతం చూపించింది. కమిటీ అంకెనే చూస్తుంది."

"ఆ సాఫ్ట్‌వేర్‌ని నమ్మొద్దని మా డిగ్రీ క్లాసులో మొదటి వారమే చెప్పారు నాన్నా," అంది పిచ్చుక. "ఒకే తీరుగా రాసేవాళ్ళందర్నీ అది మెషిన్లే అంటుందట. పగలు మాకు ఒక పాఠం, సాయంత్రం వీళ్ళకి ఇంకో పాఠమా? అదే యూనివర్సిటీ, అదే బిల్డింగు!"

"నువ్వు ఊరుకో. పెద్దవాళ్ళ మాటల్లో..."

"పెద్దవాళ్ళు మూడు రోజులుగా నా నోటితోనే కదా మాట్లాడుకున్నారు!"

పెద్దావిడకి నవ్వొచ్చి దగ్గులోకి దింపింది.

మాస్టారు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. గొంతు తగ్గించాడు. ఆయన ఆ గొంతు పెట్టాడంటే ఏదో తప్పుడు సలహా వస్తోందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

"నేనొక దారి ఆలోచించాను. భాష దిద్దుకోడానికి మా అమ్మాయి ఫోనులో కాస్త సాయం తీసుకున్నాను, తెలీక చేశాను అని చెప్పు. తప్పు ఒప్పుకుంటే మందలించి వదిలేస్తారు. నేను కూడా పక్కనుంచి ఓ మాట వేస్తాను. ఇంకో రిపోర్టు రాసుకోమంటారు."

"చెయ్యని తప్పు ఒప్పుకోమంటారు."

"చిన్న తప్పేగా."

"ఒకటో తారీఖుకి ఇంకా అయిదు రోజులే ఉంది. ఇంకో రిపోర్టు ఎప్పుడు రాయను? ఎవరు దిద్దుతారు?"

ఆవిడ ఇస్త్రీ పెట్టె తీసి నిలబెట్టింది. స్విచ్చి కట్టేసింది. కోటు మడత పెట్టింది. ఏ పనీ సగంలో వదిలి మాట్లాడే మనిషి కాదు.

"రెండో నెలలో అనుకుంటా," అంది. "క్యాంటీను దగ్గర మీ హెడ్డుగారు మిమ్మల్ని అడిగారు, వెనక బెంచీలో కూచుని తెగ రాసుకుంటుందే, ఆవిడెవరూ అని. గుర్తుందా?"

మాస్టారికి బాగా గుర్తుంది. గుర్తులేనట్టు మొహం పెట్టాడు.

"'ఎవరో ఫ్యాక్టరీ ఆవిడ' అన్నారు మీరు. నేను స్తంభం వెనకాలే ఉన్నాను, టీ గ్లాసు పట్టుకుని."

"అది... నువ్వే చెప్పొద్దన్నావు కదా..."

"చెప్పొద్దన్నాను. ఎవరో అనమన్లేదు."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. కన్నతల్లి ముందు, కూతురి ముందు. పెద్దావిడ కొడుకు వంక ఒక్క చూపు చూసి, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఇక ఏమీ చూడదల్చుకోనట్టు.

"పోనీలెండి, అది పాత సంగతి," అంది ఆవిడ. "కొత్తది అడుగుతాను. నేను రాసినదాంట్లో ఏ వాక్యం మీకు మెషిన్ రాసినట్టనిపించింది? ఒక్కటి చెప్పండి చాలు."

మాస్టారు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"పోనీ, మొదటి వాక్యం ఏమిటి?"

పైన ఎవరింట్లోనో బల్ల జరిపారు.

"నాన్నా?" అంది పిచ్చుక మెల్లగా.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన చెయ్యి తన సంచి మీదకి పోయింది. రిపోర్టులు అందులోనే ఉన్నాయి. ఆవిడ ఆ చెయ్యినే చూసింది. ఇరవై రెండేళ్ళు తప్పులు పట్టిన కళ్ళవి. పట్టుకోడానికి ఎంతసేపు?

"చదవలేదు," అంది. అడగడం కాదు, తేల్చేయడం. "మీరసలు చదవనే లేదు."

కోటు తీసుకుని లోపలికెళ్ళిపోయింది. తలుపు మెల్లిగానే వేసింది. విసిరి కొట్టినా బాగుండేది.

*

నిజమే. చదవలేదు.

యూనివర్సిటీ వాళ్ళు నిరుడు ఉన్నట్టుండి, "పరిశ్రమలు అడుగుతున్నాయి, పనివాళ్ళకి ఏఐ కోర్సు పెట్టాలి," అన్నారు. ఇరవయ్యేళ్ళుగా స్టాటిస్టిక్స్ చెప్పుకుంటున్న మాస్టారికి రెండు వారాల శిక్షణిచ్చి, ఇక మీరే అన్నారు. పగటి క్లాసులు పగలే ఉన్నాయి, ఇది అదనం. పాఠాలు సగం మెషిన్ చేత రాయించుకున్నాడు. అది పెద్ద నేరమేం కాదు, ఆ డిపార్టుమెంటులో అందరూ చేసేదే. కానీ రిపోర్టులు వచ్చిన వారం ఆయన నలభైనీ ఒక్కసారిగా సాఫ్ట్‌వేర్‌లో పడేశాడు. ఇరవై నిమిషాల్లో మార్కులొచ్చాయి. ఒక్కోదాని కిందా రాయాల్సిన మెచ్చుకోళ్ళూ వచ్చాయి. ముత్యాల్లాంటి మాటలు. వాటిని తన చేత్తో నలభై మార్కుల ఫారాల మీదకీ ఎక్కించాడు. ప్రతి ఫారం అడుగునా అచ్చులో ఉంది, 'నేను స్వయంగా చదివి ఈ నిర్ణయానికి వచ్చాను' అని. దాని కింద నలభై సంతకాలు పెట్టాడు.

కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకుంటారు!

ఇప్పుడు తన గదిలో కూర్చుని ఇరవై ఏడో నంబరు బయటికి తీశాడు. మొదటి వాక్యం చదివాడు.

'మొదటి రోజు మా సార్ చెప్పారు, మెషిన్ చెప్పిందని సంతకం పెట్టకండి, మీ కంటితో చూసి పెట్టండి అని. అందుకని నేను చూశాను.'

మాస్టారు కాయితం బోర్లా పెట్టేశాడు. కాసేపటికి మళ్ళీ తిప్పాడు.

మిల్లుకి నమూనాగా వచ్చిన కెమెరా మెషిన్ పాస్ చేసిన తాన్లని ఆవిడ మళ్ళీ పరిచి చూసింది. మొత్తం తొంభై ఆరు. ఒక్కోదానికీ ఒక్కో వరస. 'ఒకటో తాను. చూశాను. తాకాను. బాగుంది. రెండో తాను. చూశాను. తాకాను. బాగుంది. మూడో తాను. చూశాను. తాకాను. తప్పుంది.' పేజీల కొద్దీ అదే. చెకింగ్ రిజిస్టరులో మాట మార్చకూడదు. మారిస్తే ఏదో తేడా ఉందని సూపర్‌వైజరు పని ఆపేస్తాడు. ఇరవై రెండేళ్ళు అలా రాసీ రాసీ ఆవిడ చెయ్యి ఇంకోలా రాయడం మర్చిపోయింది. మనిషి ఇంత ఒకే తీరుగా రాయడని సాఫ్ట్‌వేర్ అనుకుంది.

సాఫ్ట్‌వేర్‌కి తెలీదు సరే. తనకో?

వంటింట్లో ఫ్రిజ్ మీద ఇవాళ పొద్దున్న కూడా చీటీ ఉంది. 'పాలు. చూశాను. లేవు.' ఆ చీటీలు చూసి ఆయన ఎన్నిసార్లు నవ్వాడో లెక్కలేదు. పిచ్చుక పుట్టిన రోజున ఆస్పత్రి లోపల్నుంచి ఆవిడ ఒక చీటీ పంపింది, బయట బెంచీ మీద వణుకుతూ కూర్చున్న ఈయనకి. 'పిల్ల. చూశాను. తాకాను. బాగుంది.' అది ఇప్పటికీ ఆయన డిక్షనరీలో ఉంది.

ఒక్క పేజీ, కాదు, ఒక్క వరస చదివుంటే చాలు, ఇది ఎవరి చెయ్యో తెలిసిపోయేది. గదిలో ఎవరూ లేకపోయినా మొహం చేతుల్లో పెట్టుకున్నాడు.

చివరి పేజీలో తేల్చింది ఆవిడ. మెషిన్ పాస్ చేసిన తొంభై ఆరులో పదకొండు తాన్లలో తప్పుంది. పదకొండూ ముదురు రంగువే. పైనుంచి వెలుగు పడితే పోగు తప్పింది కెమెరాకి కనబడదు, పక్కనుంచి పడితే కనబడుతుంది. 'దీపం కిందికి దించి పక్కన పెట్టండి. అప్పటిదాకా ముదురు తాన్లు మనిషి తాకాలి.'

నలభైలో ఇంతకన్నా మంచి రిపోర్టు ఉంటుందా అనుకున్నాడు. వెంటనే ఇంకో మాట తట్టింది. ఉందో లేదో తనకెలా తెలుసు?

*

మర్నాడు పదకొండింటికి కమిటీ గది.

బల్లకి అటు హెడ్డుగారు, ఆయన పక్కన ఇద్దరు. ఇటు ఒక్క కుర్చీ, అందులో నీలం కోటుతో ఆవిడ. మాస్టారికి కిటికీ పక్కన కుర్చీ వేశారు, ఫిర్యాదు చేసిన మనిషి కాబట్టి. బయట వరండాలో క్లాసు క్లాసంతా నిలబడి ఉంది. దర్జీల ఫ్యాక్టరీ నుంచి కటింగ్ మాస్టర్, గోడౌన్ వాళ్ళు, ప్రింటింగ్ ప్రెస్సు వాళ్ళు. సగం పూట సెలవు పెట్టి వచ్చారు, "మా అక్క అలాంటి పని చెయ్యదు," అని చెప్పడానికి.

"రిపోర్టు ఎవరు రాశారమ్మా?" అన్నారు హెడ్డుగారు.

"నేనే రాశాను."

"ఎవరైనా సాయం చేశారా? పర్లేదు, చెప్పండి. ఒప్పుకుంటే మేం కూడా మెత్తగానే ఉంటాం."

మాస్టారు కుర్చీలో ముందుకి వంగాడు. రాత్రి తను చూపించిన దారి అదే.

"లేదండీ. ఎవరూ చెయ్యలేదు."

హెడ్డుగారు ఫారం ఎత్తి చూపించారు. "చూడండమ్మా. మీ సార్ నలభై రిపోర్టులూ స్వయంగా చదివారు. ఇదిగో సంతకం. అన్నీ చదివి మీదొక్కటే పక్కన పెట్టారు. అంటే ఆయన పొరబడ్డారంటారా?"

ఆవిడ ఒక్క మాటంటే చాలు. ఆ మాట ఆవిడ దగ్గరుందని గదిలో తెలిసినవాడు ఒక్కడే, కిటికీ పక్కన తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఆవిడ తల తిప్పింది. ఆ రోజు పొద్దుట్నుంచి మొదటిసారి మొగుడి మొహంలోకి చూసింది. కోపం ఉంటే తట్టుకునేవాడేమో. తానుని వెలుగుకి పెట్టి చూసినట్టు చూసింది.

"అది ఆయన్నే అడగండి," అంది.

మాస్టారు లేచాడు. కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"నేను చదవలేదు సార్."

"ఏమిటీ?"

"ఆ రిపోర్టు నేను చదవలేదు. చదవకుండా సంతకం పెట్టాను. ఇంకో మాట. ఆవిడ నా భార్య."

హెడ్డుగారు కళ్ళజోడు తీసి నవ్వారు, అదోరకం నవ్వు.

"బాగుందయ్యా! పెళ్ళాం దొరికిపోయేసరికి చదవలేదంటున్నారన్నమాట. నన్ను మరీ వెర్రివాణ్ణి చెయ్యకండి. ఇది నమ్మమంటారా?"

మాస్టారు ఆవిడ వంక చూశాడు. ఆవిడ బల్ల మీద తన చేతులు చూసుకుంటోంది. తన నిజం ఆవిడకి మేలు చెయ్యలేదు సరికదా, ఇంకాస్త ముంచింది. ఇక మిగిలింది ఒక్కటే మాట. అది అంటే ఇరవయ్యేళ్ళ పరువు గంగలో కలుస్తుంది. అనకపోతే ఆవిడ పని పోతుంది.

"మిగతా ముప్పై తొమ్మిదీ చదవలేదు సార్," అన్నాడు. "ఒక్కటి కూడా. ఆ మార్కులు నావి కావు. కింద రాసిన మాటలూ నావి కావు. అన్నీ మెషిన్ ఇచ్చినవే, నేను ఎక్కించాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. హెడ్డుగారి మొహం ఎర్రబడింది.

"అర్థమవుతోందా ఏమంటున్నారో? నలభై మంది ఫలితాలూ చెల్లవు! వాళ్ళందరికీ ఒకటో తారీఖుకే సర్టిఫికెట్లు ఇవ్వాలి! ఎవరు దిద్దుతారు ఇప్పుడు, ఎప్పుడు దిద్దుతారు?"

"మా మిల్లులో అయితే," అంది ఆవిడ.

అందరూ అటు తిరిగారు.

"చూడకుండా పాస్ చేశారని తెలిస్తే మొత్తం సరుకు వెనక్కి తెప్పిస్తామండీ. పాస్ చేసిన మనిషే కూర్చుని ఒక్కొక్కటీ మళ్ళీ చూడాలి. పక్కన ఇంకో మనిషి నిలబడి చూస్తుంది, ఈసారి నిజంగా చూస్తున్నాడా లేదా అని."

హెడ్డుగారు పక్కనున్న ఇద్దరితో గుసగుసలాడారు. చాలాసేపు. చివరికి ఫారాల కట్ట మాస్టారి వైపు తోశారు.

"మీ సంగతి తర్వాత చూస్తాం. మీ ఉద్యోగం సంగతీనూ. నలభైనీ కూర్చుని చదివి దిద్దండి, నాలుగు రోజులు టైము. కుదరకపోతే కోర్సు మొత్తం రద్దు. బయట నిలబడ్డారుగా, ముందు వెళ్ళి వాళ్ళకి చెప్పండి. మీ నోటితో మీరే చెప్పండి."

మాస్టారు కట్ట పట్టుకుని తలుపు తీశాడు. వెనకే ఆవిడ.

వరండా అంతా ఒక్కసారి ముందుకొచ్చింది. అందరికన్నా ముందు కటింగ్ మాస్టర్. యాభై దాటిన మనిషి. మెళ్ళో కొలత టేపు తియ్యడం మర్చిపోయి అలాగే వచ్చేశాడు.

"అక్క సంగతి తేలిందా సార్? తేలే ఉంటుంది లెండి. మీలాంటివారు ఉండగా అన్యాయం జరగదని వీళ్ళకి పొద్దుట్నుంచీ చెబుతూనే ఉన్నాను."

"అది కాదు... నేను మీతో ఒక మాట..."

"ఒక్క నిమిషం సార్, ముందు నా మాట. మళ్ళీ ధైర్యం చాలదు." ఆయన టేపు చివర వేలికి చుట్టుకున్నాడు, సిగ్గుపడే పెద్దమనిషి. "నా రిపోర్టు గురించి రాశారు కదా సార్, 'మీ అనుభవం ప్రతి వాక్యంలోనూ పలుకుతోంది' అని. అది ఎత్తి రాసుకుని మా ఇంట్లో గోడకి అంటించాను. నేను ఎనిమిదో క్లాసుతో మానేసినవాణ్ణి. ఎవరూ నన్ను అంతమాట అన్లేదు. మా ఆవిడ రోజూ అడుగుతోంది, అంత గొప్పవాక్యం ఏం రాశావయ్యా అని. నాకేం తెలుసు! అందుకని మిమ్మల్నే అడుగుదామని..."

మాస్టారి చేతిలో ఫారాల కట్ట బరువెక్కింది. పక్కనే, అరచెయ్యంత దూరంలో, నీలం కోటు కదలకుండా నిలబడి ఉంది. ఆవిడ ఏ మాటా అందివ్వలేదు. వాళ్ళందరితో పాటు ఆవిడా జవాబు కోసమే చూస్తోంది.

"నేను రాసినదాంట్లో మీకు ఏ వాక్యం నచ్చింది సార్?" అన్నాడు కటింగ్ మాస్టర్.